రెండేళ్ళ ఉద్యోగానికి రొట్టె ఇవ్వొచ్చా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుకున్నా. తొమ్మిదేళ్ళుగా రొయ్యల చెరువులకి కన్సల్టెంటుగా తిరుగుతా ఉన్నా. రైతులు డాక్టరు అని పిలుస్తారు. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట మండలాల్లో 22 మంది రైతులవి అటూఇటుగా 140 ఎకరాలు చూస్తా. ఎకరాకి పంటకి 2,500. అంతా నోటిమాటే, కాగితం లేదు. మందుల షాపుల కమీషన్ మాత్రం ముట్టుకోను.

2023లో 8.4 లక్షలు చేతికొచ్చాయి. 2024లో 7.2. 2025 ఆగస్టులో అమెరికావాళ్ళ సుంకం 50 శాతానికి చేరాక మా రైతుల్లో చాలామంది భయపడి రెండో పంటకి సీడు (రొయ్య పిల్లలు) తగ్గించారు. 2025లో నాకు రావాల్సింది 6.25 లక్షలు, వచ్చింది 5.15. మిగిలిన లక్షా పది వేలు రైతుల దగ్గరే ఉంది. పంట పోయిన మనిషిని గట్టు మీద నిలబెట్టి అడగాలంటే నాకు నోరు రాదు. పెట్రోలుకి నెలకి 6,000 పోతుంది, కిట్లకీ మీటర్లకీ ఏడాదికి ఇంకో 23,000.

ఇప్పుడు ఒక మేత కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇస్తామంటున్నారు. టెక్నికల్ ఎగ్జిక్యూటివ్, సీటీసీ (నా మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) ఏడాదికి 6 లక్షలు. కానీ అది ‘ఫిక్స్‌డ్ టర్మ్ ఎంప్లాయ్‌మెంట్’ అంట, 24 నెలలే. 2026 ఫిబ్రవరి 1న చేరమన్నారు. ఉద్యోగంలో ఉండగా బయట చెరువులు చూడకూడదు. మానుకోవాలంటే నేను 60 రోజుల ముందు చెప్పాల, వాళ్ళు తీసెయ్యాలంటే 30 రోజులు చాలు. వదిలేశాక కూడా ఏడాదిపాటు ఈ మండలాల్లో కన్సల్టెన్సీ చెయ్యకూడదని రాశారు. నా చేతిలో ఇప్పుడు 38 ఎకరాల పంట 70 రోజుల మీద ఉంది.

పోయినేడు రొట్టెల పండక్కి మా అమ్మ బారాషహీద్ దర్గాకి పోయి, స్వర్ణాల చెరువులో నా పేరు మీద ఉద్యోగ రొట్టె పట్టుకుంది. కోరిక తీరిందని ఈ మొహర్రానికి తిరిగి రొట్టెలు ఇవ్వాలని ఇప్పటినుంచే గోధుమపిండి లెక్క వేస్తా ఉంది. మా మామగారేమో ‘రెండేళ్ళ ఉద్యోగం కూడా ఒక ఉద్యోగమేనా’ అంటున్నారు. మా ఇంట్లో ఆడవాళ్ళు, అంటే అమ్మా, నా భార్యా, ఇద్దరూ చేరమంటున్నారు. ఏం చెయ్యాలో తెలియడం లేదు.

జవాబు: డాక్టరు గారూ, ముందు మీ మామగారికి జవాబు చెప్పి మీ దగ్గరికొస్తాను. ఆయన అనుమానం ఉత్తిది కాదు. చీమకుర్తి రాయి ఎగుమతి చేసే ఒక కంపెనీలో నేను 27 ఏళ్ళు జీతాల లెక్కలు చూశాను. ఆ రోజుల్లో పదకొండు నెలల లెటర్లు టైపు చేసింది నేనే. పదకొండు నెలలు కాగానే మనిషిని ఇంటికి పంపడం, ఒక నెల ఆగి కొత్త లెటరు ఇవ్వడం. పాలిషింగ్ లైన్లో ఒకతను అట్లా తొమ్మిది లెటర్లు తీసుకున్నాడు. ఆఖరు రోజు నా టేబుల్ దగ్గరికొచ్చి ‘గ్రాట్యుటీ ఎంతొస్తుందమ్మా’ అని అడిగితే, ఫైలు తిరగేసి సున్నా అని చెప్పింది కూడా నేనే. అయిదేళ్ళు ఏకధాటిగా ఎప్పుడూ నిండలేదు కదా! మీ మామగారి కళ్ళ ముందున్నది ఆ ఉద్యోగం.

మీకిచ్చే లెటరు అది కాదు, సరిగ్గా రాస్తే. 2018లో కేంద్రం ఈ ఫిక్స్‌డ్ టర్మ్ పద్ధతిని అన్ని పరిశ్రమలకూ తెచ్చింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాక దాని కింద నేల గట్టిపడింది. ఇప్పుడు గడువు ఉద్యోగికి, అదే పని చేసే పర్మనెంటు మనిషికి ఇచ్చే పనిగంటలు, జీతం, అలవెన్సులు, సెలవులు తగ్గకుండా ఇవ్వాలి. గ్రాట్యుటీకి అయిదేళ్ళు ఆగక్కర్లేదు, ఏడాది చేస్తే చాలు. తేడా అల్లా చివర్లో ఉంది. 24 నెలలు అయిపోయిన రోజున ఉద్యోగం దానంతటదే ఆగిపోతుంది. దాన్ని తొలగింపు అనరు. కాబట్టి నోటీసూ ఉండదు, పరిహారమూ ఉండదు.

అయితే ఒక మెలిక ఉంది. ‘రెండేళ్ళ కాంట్రాక్టు’ అని నోటితో చెప్పి మూడు రకాల కాగితాలు ఇస్తుంటారు. కంపెనీ తన లెటర్‌హెడ్ మీద నేరుగా ఇచ్చి, పేస్లిప్పు, సెలవులు, గ్రాట్యుటీ రాస్తే అది ఫిక్స్‌డ్ టర్మ్. మధ్యలో ఏజెన్సీ పేరుంటే మీరు ఏజెన్సీ మనిషి, కంపెనీ మనిషి కాదు. ‘రిటైనర్’ అనో ‘ప్రొఫెషనల్ ఫీజు’ అనో రాసి నెలనెలా 10 శాతం పన్ను (టీడీఎస్) కోస్తామంటే మీరు ఇప్పుడున్న చోటే ఉన్నారు, మెడలో ఐడీ కార్డు వేలాడుతుంది అంతే. లెటర్లో మీ పదవి పేరు ఎంత పెద్దగా రాశారో చూడకండి, డబ్బు ఏ పద్దు కింద ఇస్తారో చూడండి.

ఇక 6 లక్షల సంగతి. నెలకి 50,000 అని మీ ఇంట్లో అప్పుడే సంబరపడి ఉంటారు. విప్పి చూద్దాం. బేసిక్ 25,000 అనుకుందాం. కొత్త కోడ్ల లెక్కలో మొత్తంలో సగమైనా వేతనం కింద చూడాల్సిందే కాబట్టి అంతకన్నా తగ్గించి వాళ్ళకి పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. కంపెనీ వంతు పీఎఫ్ 12 శాతం అంటే 3,000. గ్రాట్యుటీకి పక్కన పెట్టేది 1,202. ఈ రెండూ మీ 50,000లోంచే తీస్తారు. మిగిలిన 45,798 స్లిప్పులో గ్రాస్‌గా కనబడుతుంది. అందులోంచి మీ వంతు పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 పోతే బ్యాంకులో పడేది 42,598. పీఎఫ్‌లో నెలకి 6,000 చొప్పున 24 నెలలకి 1,44,000, పైన వడ్డీ. వెళ్ళేనాడు గ్రాట్యుటీ 28,846.

పీఎఫ్ దగ్గర జాగ్రత్త. మీరు మొదటిసారి చేరుతున్నారు, బేసిక్ 15,000 దాటింది. అలాంటివాళ్ళకి పీఎఫ్ కట్టకపోయినా కంపెనీ తప్పేమీ చేసినట్టు కాదు. ఇద్దరూ ఒప్పుకుని రాసిస్తేనే కడతారు. అడిగి పెట్టించుకోండి. పెన్షన్ భాగం మీకు రాదు, మొత్తం పీఎఫ్ ఖాతాలోకే వెళ్తుంది, అది మంచిదే. పీఎఫ్‌తో పాటు 7 లక్షల దాకా బీమా కూడా ఉంటుంది. తెల్లారకముందే బండెక్కి లారీల మధ్య తిరిగే మనిషికి అది చిన్న విషయం కాదు. ఈఎస్ఐ 21,000 లోపు జీతాలకే, కాబట్టి ఇంటిల్లిపాదికీ గ్రూపు ఆరోగ్య బీమా ఉందా లేదా విడిగా అడగండి.

ఇప్పుడు అసలు లెక్క. మీరు పోల్చుకుంటున్నది 2025తో. 5.15 లక్షల్లోంచి 95,000 ఖర్చులు తీస్తే 4.2 లక్షలు, నెలకి 35,000. దాని పక్కన 42,598 పెద్దగానే కనబడుతుంది. కానీ చెడ్డ ఏడాదిని గజంబద్దగా పెట్టుకుని కొలిస్తే ఏ గుడ్డైనా పొడుగ్గానే ఉంటుంది. మూడేళ్ళూ కలపండి. సగటు 6.92 లక్షలు. ఖర్చులు పోను 5.97, నెలకి 49,700. కంపెనీ ఇచ్చేది, పీఎఫ్ గ్రాట్యుటీ అన్నీ కలిపినా, 50,000. అంటే మీ పనికి ఇప్పుడున్న ధరే కట్టారు. మరి మీతో పాటు వచ్చే 22 మంది రైతులకి ఎంత కట్టారు? ఏమీ కట్టలేదు.

పెట్రోలు అలవెన్సు సీటీసీ లోపలా, బయటా అన్నది మీ ఉత్తరంలో లేదు. లోపలయితే 42,598లోంచి 6,000 తీసెయ్యండి. 36,598 మిగులుతుంది. చెడ్డ ఏడాదికీ దానికీ తేడా పదహారు వందలు! బయట ఇస్తామని, కిలోమీటరుకి ఇంత అని, లెటర్లో రాయించుకోకుండా సంతకం పెట్టొద్దు.

రైతుల సంగతి ఇంకాస్త చెప్పాలి. మా తమ్ముడికి సింగరాయకొండ దగ్గర నాలుగెకరాల చెరువుంది. పండక్కి వెళ్ళినప్పుడు నేనూ గట్టు మీదికి వెళ్తుంటాను. వాడి డాక్టరు మీలాంటి కుర్రాడే. తెల్లారీ తెల్లారకముందే వస్తాడు. మా తమ్ముడు ఇచ్చే కాఫీ కూడా తాగకుండా ముందు చెక్‌ట్రే లేపుతాడు. మేత ఎంత మిగిలిందో వేలితో తడిమి చూస్తాడు. ఒక రొయ్యని తీసి సెల్‌ఫోను లైటుకి అడ్డం పెడతాడు. వీపున పేగు నల్లటి గీతలా నిండుగా ఉందా, మధ్యలో తెగిందా అని చూస్తాడు. ‘ఇయాళ మేత సగానికి కోసెయ్యన్నా’ అంటాడు. మా తమ్ముడు ఇంట్లో ఎవరి మాటా వినడు గానీ, ఆ మాటకి మారు పలకడు. ఎందుకంటే మేత కోసినా వేసినా ఆ అబ్బాయికి వచ్చేదీ పోయేదీ లేదు.

రేపు మీరు కంపెనీ బొమ్మున్న టీషర్టు వేసుకుని అదే గట్టు మీద నిలబడతారు. ‘మేత వెయ్యి’ అంటే రైతు మీ టీషర్టు వంక చూస్తాడు. ‘కోసెయ్యి’ అంటే మీ మేనేజరు మీ వంక చూస్తాడు. ఇంటర్వ్యూలో టెక్నికల్ పోస్టని చెప్పి, చేరాక నెలకి ఇన్ని టన్నులు అని టార్గెట్ పెడితే తొమ్మిదేళ్ళ మాట ఆరు నెలల్లో అయిపోతుంది. అందుకని జీతం కంటే ముందు అడగాల్సింది ఇది: అమ్మకాల టార్గెట్ నా మీద ఉండదని రాసిస్తారా? రాయం అంటే, నా మటుకు నేను ఆ కాగితాన్ని వెనక్కి తోసేస్తాను. మందుల షాపు కమీషన్ ముట్టుకోని మనిషి టన్నుల లెక్కన జీతం తీసుకుని నిద్రపోలేడు.

వదిలేశాక ఏడాది పాటు ఈ మండలాల్లో పని చెయ్యకూడదన్న షరతు చూసి మీరు భయపడినట్టున్నారు. అంత అక్కర్లేదు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, ఒక మనిషిని తన వృత్తి చేసుకోకుండా కట్టేసే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బయట పని చెయ్యొద్దనడం వేరు, అది చెల్లుతుంది. ఉద్యోగం అయిపోయాక మీ కాళ్ళు మీవే. అట్లాగని కంపెనీ రేట్ల పట్టికలూ డీలర్ల వివరాలూ మోసుకుపోవచ్చని కాదు. చెల్లని షరతని ఊరుకోకుండా ఆ వాక్యం కొట్టించెయ్యడమే మేలు. చెల్లదని కోర్టులో తేలేలోపు రెండు పంటలు అయిపోతాయి. నోటీసు కూడా ఇటు 60, అటు 30 ఎందుకు? ఇద్దరికీ 30 పెట్టమనండి. సాధారణంగా ఒప్పుకుంటారు, అడిగేవాళ్ళు ఉండరు గానీ.

చేరే తేదీ మార్చి 1 అడగండి. దీనికి రెండు కారణాలున్నాయి. మీ చేతిలో ఉన్న 38 ఎకరాలూ ఫిబ్రవరి ఆఖరుకి 110 రోజులకొస్తాయి, పట్టుబడులు (రొయ్యలు పట్టి అమ్మడం) అయిపోతాయి. పంట నడుమ వదిలేసి పోయిన డాక్టర్ని రైతు మర్చిపోడు. రెండోది, అప్పుడు మీ గడువు 2028 ఫిబ్రవరి 29న అయిపోతుంది. లీపు ఏడాది కాబట్టి ఆ నెలలో ఒక రోజు ఊరికే పని చేస్తారనుకోండి, పోనివ్వండి. వేసవి పంటకి సీడు దింపే రోజుల్లోనే బయటికొస్తారు, అది ముఖ్యం. పొడిగించకపోతే నేరుగా చెరువు గట్టు మీదికి నడవొచ్చు. అదే ఏ మేలోనో గడువు తీరితే పంటలన్నీ వేరేవాళ్ళ చేతిలో ఉంటాయి. 2027 సెప్టెంబరులో, ఆరు నెలల ముందే, పొడిగిస్తారా లేదా అని మెయిల్లో అడగండి. మేనేజరు భుజం తట్టి ‘చూద్దాంలే’ అంటే అది కాగితం కాదు.

లక్షా పది వేల బాకీ గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. పట్టుబడి బాగా వచ్చిన వాళ్ళ దగ్గర ఇప్పుడే వసూలు చెయ్యండి. కంపెనీలో చేరాక అడిగితే ‘ఇప్పుడు జీతం వస్తోందిగా’ అంటారు. పంట నిజంగా పోయిన వాళ్ళ దగ్గర చిన్న కాగితం మీద ఇంత ఇవ్వాలి అని తేదీ వేయించి సంతకం తీసుకోండి, మూడేళ్ళ దాకా దానికి బలం ఉంటుంది. ఒకరిద్దరికి వదిలేసినా తప్పులేదు. 2028లో మీకు మళ్ళీ వాళ్ళ గడపే కావాలి.

పన్ను గొడవ పెద్దగా లేదు. మార్చి 31తో ముగిసే 2025-26 ఆర్థిక సంవత్సరంలో మీకు ఫీజులూ జీతమూ రెండూ ఉంటాయి, మార్చి నెల మటుకే జీతం. ఫీజుల్లో సగం ఆదాయంగా చూపే పద్ధతిలో వేస్తే రిటర్ను ఫారం ఐటీఆర్-4 సరిపోతుంది. మొత్తం 12 లక్షల లోపే కాబట్టి కొత్త విధానంలో పన్ను పడదు. అయినా రిటర్ను మానొద్దు. రేపు ఇంటి లోనుకి వెళ్ళినప్పుడు రెండేళ్ళ గడువున్న లెటరు చూసి బ్యాంకు మేనేజరు ముఖం చిట్లిస్తే, మీ చేతిలో ఉండే ఆయుధం ఆ పాత రిటర్నులే.

ఇంతకీ చేరమంటానా? అలవెన్సు బయట పెట్టి, టన్నుల టార్గెట్ లేదని రాసి, మార్చి 1కి ఒప్పుకుంటే చేరండి. సుంకాల గాలి ఎటు తిరుగుతుందో తెలియని రెండేళ్ళు నెలనెలా జీతం పడటం మీ ఇంటికి అవసరమే. ఈ మూడింట్లో టార్గెట్ దగ్గర మాత్రం రాజీ పడొద్దు.

మీ అమ్మగారి రొట్టె మిగిలింది. స్వర్ణాల చెరువు నీళ్ళలో కొంగు పట్టుకుని నిలబడి ఉద్యోగ రొట్టె అందుకునేవాళ్ళు, ‘మీ అబ్బాయిది పర్మనెంటా, ఫిక్స్‌డ్ టర్మా’ అని అడగరు. నేను రెండుసార్లు వెళ్ళాను, నన్నెవరూ అడగలేదు. మార్చిలో చేరితే మొహర్రం నాటికి మీ చేతిలో మూడు పేస్లిప్పులు ఉంటాయి. మొదటి స్లిప్పు రాగానే దాంట్లో పీఎఫ్ గడి నిండిందో లేదో చూడండి. నిండితే, గోధుమపిండి తెమ్మని అమ్మగారికి చెప్పండి.